అహల్య సర్వర్ చెడగొట్టిన రోజు

అహల్యకు అబద్ధమాడటం రాదు. ఇదేదో గొప్ప సుగుణమని పొగడటానికి చెప్పే మాట కాదు. కొందరికి ఈల వేయడం రాదు చూడండి, అలా రాదు. ల్యాబులో పిల్లలెవరైనా ఆలస్యంగా వచ్చి, "అక్కా, సార్ అడిగితే పదిన్నరకే వచ్చిన్నని చెప్పు జర" అని బతిమాలితే సరేనంటుంది. తీరా సార్ అడగ్గానే "లేదు సార్, పన్నెండింటికి వచ్చింది" అనేస్తుంది. అనేశాక నాలిక కరుచుకుంటుంది. అలాంటి మనిషి, నలభై ఆరేళ్లు నిండాక, ఒక శుక్రవారం పొద్దున బుద్ధిపూర్వకంగా, పనిగట్టుకుని ల్యాబులో సర్వర్‌ను చెడగొట్టింది. ఎందుకో తెలియాలంటే ముందు ఆ సర్వర్ సంగతి తెలియాలి, కిషన్ సంగతీ తెలియాలి.

హైదరాబాదు గన్‌ఫౌండ్రీలో బ్యాంకుల వెనక సందులో, రెండో అంతస్తులో రామచంద్రమూర్తి గారి కలర్ ల్యాబు ఉంది. ఆయన తండ్రి యాభై ఆరులో తెనాలి నుంచి వచ్చి ఆబిడ్స్‌లో ఫొటో స్టూడియో పెట్టాడు. కొడుకు దాన్ని ల్యాబుగా మార్చాడు. ఇప్పుడు ఫొటోలు కడిగే పని ఎక్కడుంది? మహబూబ్‌నగర్ నుంచీ మెదక్ నుంచీ పెళ్లి ఫొటోగ్రాఫర్లు వీడియోలు పట్టుకొస్తారు. నలుగురు పిల్లలు కంప్యూటర్ల ముందు కూర్చుని వాటిని కోసి, అతికించి, పాటలు కలిపి ఇస్తారు. దాన్నే మిక్సింగ్ అంటారు. తెచ్చినవీ చేసినవీ అన్నీ ఒక చల్లటి గదిలో, నల్లటి ఇనప పెట్టెలో దాస్తారు. ఆ పెట్టే స్టోరేజ్ సర్వర్. దాని మంచిచెడ్డలు చూసేది అహల్య.

ఆమె కంప్యూటర్లు చదువుకున్న మనిషేం కాదు. నాంపల్లి కోర్టులో గుమాస్తాగా చేసిన నాన్న హఠాత్తుగా పోతే, ఇంటర్‌తో చదువు ఆపేసి, ఈ ల్యాబులోనే ఆల్బమ్‌లకు అట్టలు అతికించే పనిలో చేరింది. తమ్ముడి చదువైంది. తమ్ముడి పెళ్లయింది. తమ్ముడి పిల్లలు బడికి పోతున్నారు. ఇంట్లో ఆమె పెళ్లి మాట ఎత్తడం మానేసి పదిహేనేళ్లయింది. ఎవరూ కావాలని మానలేదు. ఒక ఏడాది ఎవరూ ఎత్తలేదు, మరుసటేడు అదే అలవాటైపోయింది.

ఇక కిషన్. చిరాగలీ లేన్‌లో మెట్ల కింద అతనికి ఇంత దుకాణం ఉండేది. విడిభాగాలు ఏరుకొచ్చి ఆ సర్వర్‌ను తన చేతుల్తో కట్టినవాడు అతనే. నెలకోసారి వచ్చి మూత తీసి, దుమ్ము ఊదేసి, పరీక్షలు చేసి వెళ్లేవాడు. "ఊకె నాకోసం చూస్తరా, మీరే నేర్చుకోండ్రి" అని అహల్యకు పని నేర్పాడు. సర్వర్‌కు చెప్పే మాటలన్నీ ఇంగ్లీషు పొడి అక్షరాలు. అతను నోటితో చెబుతుంటే ఆమె పొడుగాటి నోట్‌బుక్కులో తెలుగులో రాసుకునేది. 'ఎల్ ఎస్, ఖాళీ, అడ్డగీత, ఎల్. ఫైళ్ల జాబితా వస్తది.' 'ఎల్ ఎస్ పీ సీ ఐ. కొత్త కార్డు పెడితే ఇది కొట్టాలె.' ఆ పుస్తకం చూసి నవ్వినవాళ్లున్నారు. నవ్వితే నవ్వుకోనీ! నవ్విన వాళ్లెవరి మాటా సర్వర్ వినేది కాదు, ఈమె మాట వినేది.

ఇక్కడొక సంగతి చెప్పాలి. ల్యాబులో అందరికీ అతను కిషనన్న. హైదరాబాదులో అన్నా అని పిలవడానికి చుట్టరికం అక్కర్లేదు కదా, ఆటో ఎక్కినా అన్నే, మొజంజాహీ మార్కెట్లో అరడజను సంత్రాలు కొన్నా అన్నే. అహల్య మాత్రం, అతను ల్యాబుకు వచ్చిపోయిన ఎనిమిదేళ్లలో ఒక్కసారి కూడా ఆ మాట అనలేదు. 'కిషన్ గారూ' అనేది. అతను కూడా అందరిలా 'అహల్యక్కా' అనలేదు. 'అహల్య గారూ' అనేవాడు. అంతవరకే. అంతకు మించి ఇద్దరి నోటా ఒక్క ముక్క వస్తే ఒట్టు! అతని భార్య పెళ్లయిన మూడేళ్లకే జ్వరంతో పోయింది, పిల్లల్లేరు. ఈమెకు వద్దని చెప్పేవాళ్లెవరూ లేరు. అయినా ఇద్దరికీ నోరు పెగల్లేదు. మరీ ఇంత మొద్దులేమిటని మీకు ఒళ్లు మండుతుందేమో. మండాల్సిందే.

ఆరేళ్ల కిందట కిషన్ తల్లికి పక్షవాతం వచ్చి మంచాన పడింది. చూసుకోవడానికి ఇంకెవరూ లేరు. దుకాణం మూసేసి జగిత్యాల వెళ్లిపోయాడు, అక్కడ సీసీ కెమెరాలు బిగించుకుంటున్నాడు. వెళ్లేరోజు ల్యాబుకు వచ్చి సర్వర్‌ను ఒకసారి చూసి, "సర్వర్‌కు ఏమన్నయితే ఫోన్ చెయ్యుండ్రి" అన్నాడు.

సర్వర్‌కు ఏమన్నా అయితే! అహల్య ఆ మాటను పట్టుకుని కూర్చుంది. ఏమీ కాకపోతే ఎలా చేయాలి? పండగలకు చేయొచ్చు, మీ అమ్మకెలా ఉందని చేయొచ్చు, లోకంలో జనం చేయడం లేదా? ఆమెకు అలా కుదరదు. కారణం ఉండాలి, అదీ నిజమైన కారణం. ఆరేళ్లలో పదకొండుసార్లు చేసింది. హార్డ్ డిస్కు పోయినప్పుడొకసారి, ఫ్యాను ఆగినప్పుడొకసారి, ఎలుక వైరు కొరికినప్పుడొకసారి. ఆ ఎలుకను పిల్లలు తిట్టని తిట్టు లేదు, ఆమె మాత్రం పల్లెత్తు మాట అనలేదు. ఫోన్ చేసిన ప్రతిసారీ సర్వర్ గురించే మాట్లాడారు. అయినా వారం రోజులు ఆమె కాళ్లు నేలమీద ఆనేవి కావు. "ఏంది వదినా, కూనిరాగాలు తీస్తున్నవ్?" అని తమ్ముడి భార్య వింతపడేది.

పన్నెండోసారి రానే రాలేదు. ఏడాదిన్నరగా ఆ సర్వర్‌కు జలుబన్నా చేయలేదు. పొద్దున్నే గది తలుపు తీసి, వరసగా వెలుగుతున్న పచ్చ లైట్లు చూడగానే ఆమె ప్రాణం ఉసూరుమనేది. ఒక్కటి ఎర్రగా వెలిగితే దీని సొమ్మేం పోయింది అనుకునేది. వెంటనే, అయ్యో, ఇందులో ఎంతమంది పిల్లల పెళ్లిళ్లున్నాయి అని చెంపలేసుకునేది. మర్నాడు మళ్లీ మామూలే. అతని గొంతు వినాలని ఉండేది ఆమెకు. అంతకంటే పెద్ద కోరికేం కాదు. కానీ పొద్దున దువ్వెన పట్టుకున్నప్పటి నుంచీ, మధ్యాహ్నం టిఫిను డబ్బా మూత తీసేదాకా, సాయంత్రం నాంపల్లి వైపు నడిచేటప్పుడూ ఆ ఒక్క కోరికే ఆమె వెంట ఉండేది.

పెళ్లిళ్ల సీజన్ దగ్గర పడుతుండగా రామచంద్రమూర్తి గారు కొత్త నెట్‌వర్క్ కార్డు తెప్పించారు. సర్వర్ వెనక వైరు గుచ్చే పోర్టు ఒకటే. నలుగురు పిల్లలూ ఆ ఒక్క వైరు మీదుగానే వీడియోలు లాక్కోవాలి. ఒకళ్లు లాగుతుంటే మిగతా ముగ్గురి తెరలూ బిగుసుకుపోయేవి. కొత్త కార్డుకు నాలుగు పోర్టులు, మనిషికో వైరు. గురువారం మధ్యాహ్నం అహల్య మూత విప్పి కార్డు దిగేసి, స్క్రూ బిగించి ఆన్ చేసింది. సర్వర్ ఎప్పట్లాగే లేచింది. కార్డు లేవలేదు. 'ఎల్ ఎస్ పీ సీ ఐ' కొడితే కార్డు పేరు తెర మీద కనబడుతోంది. పోర్టులు చూపించమంటే మాత్రం పాతది ఒక్కటే చూపిస్తోంది. చుట్టం గుమ్మంలో నిలబడ్డాడని తెలిసీ లోపలికి రమ్మనని ఇల్లాలి వాలకం.

"ఏవమ్మా, ఏవంటోంది?" అన్నారు మూర్తి గారు తలుపు దగ్గర్నుంచి.

"గుర్తుపడ్తలేదు సార్."

"మరి కిషన్‌కి ఓసారి ఫోన్ చెయ్యకపోయావా?"

దేవుడా, కారణం దొరికింది! మూర్తి గారు అటు వెళ్లగానే, మిక్సింగ్ పిల్లల్లో అందరికన్నా చిన్నదైన భవ్యశ్రీ ఆమె మొహంలోకి తొంగిచూసింది. "అక్కా, కార్డు ఖరాబైతే గంత మంచిగ నవ్వుతున్నవేంది?"

"నవ్వుతున్న, ఏమో తెల్వది" అంది అహల్య. అబద్ధం రాదు కదా.

వెంటనే చేయలేదు. ఏడాదిన్నర తర్వాత దొరికిన ఫోను, ఆదరాబాదరాగా చేసేస్తారా ఎవరైనా? అతను ఒక్కొక్కటీ అడుగుతాడు, ఏమేం చూశారు, ఏం వచ్చింది అని. అన్నిటికీ జవాబు దగ్గర పెట్టుకుని చేద్దామనుకుంది. శుక్రవారం తొమ్మిదింటికే ల్యాబుకు వచ్చింది. చిలకపచ్చ చీర కట్టుకుంది, ఫోన్లో చీర కనబడదని తెలియక కాదు. నోట్‌బుక్కు తీసి, మొదటి పేజీ నుంచి అతను చెప్పినవన్నీ వరసగా సర్వర్లో కొట్టి చూసుకుంటూ పోయింది. అలా పోగా పోగా ఒక ఫైల్లో ఒక లైను కనబడింది.

ఆ లైను కిషన్ రాసిందే. తొమ్మిదేళ్ల కిందట ఇదే జాతి కార్డు ఒకటి పెడితే సర్వర్ గంటకోసారి కొయ్యబారిపోయేది. అందుకని, ఈ రకం కార్డు ఏది వచ్చినా నిద్రలేపొద్దని సర్వర్‌కు ఒక ఆంక్ష పెట్టాడు. తర్వాత ఆ కార్డు తీసి పారేశారు. ఆంక్ష మాత్రం ఉండిపోయింది. ఇది చూడగానే అహల్య చేతులు ఆగలేదు. పని తెలిసిన చేతులు కదా, మనసును అడగవు. లైను తీసేసి, ఫైలు సేవ్ చేసి దాచి, సర్వర్‌ను ఆపి మళ్లీ ఆన్ చేసింది. అయిదు నిమిషాలకు కొత్త కార్డు మీద నాలుగు పచ్చ లైట్లు వెలిగాయి.

దాని దుంప తెగ! అహల్య స్టూలు మీద కూలబడింది. కళ్లలో నీళ్లు గిర్రున తిరిగాయి. తనను మించిన మూర్ఖురాలు ఉంటుందా? ఏడాదిన్నర ఎదురుచూసి, చేతికందినదాన్ని తనే తన్నేసుకుంది. ఇక ఈ కార్డు పనిచేస్తూనే ఉంటుంది. పిల్లలు హాయిగా పని చేసుకుంటారు. మళ్లీ ఏదైనా పాడవడానికి ఇంకెన్నాళ్లు పడుతుందో! అప్పటికి తనకు యాభై దాటుతాయేమో.

కింద సందులో బండ్లు వస్తున్న చప్పుళ్లు. పిల్లలు పదిన్నరకు వస్తారు. గోడ గడియారం చూసింది. ఆ లైనును మళ్లీ రాసింది, ఒక్క అక్షరం పొల్లుపోకుండా. ఫైలు దాచింది. సర్వర్‌ను ఆపి ఆన్ చేసింది. నాలుగు లైట్లూ పోయాయి. ఇప్పుడు కార్డు పని చేయడం లేదన్నది నూటికి నూరుపాళ్లు నిజం. ఇందులో అబద్ధమేముంది?

పదకొండింటికి ఫోన్ చేసింది. రెండో రింగుకే ఎత్తాడు.

"అహల్య గారూ!"

"కిషన్ గారూ, కొత్త కార్డు పెట్టినం. నాలుగు పోర్టులది. సర్వర్ గుర్తుపడ్తలేదు."

"ఔనా? ఏం ఫికర్ చేయకుండ్రి. ఒక్కొక్కటి చూద్దాం. ముందుగాల కార్డు తీసి మళ్ల పెట్టుండ్రి."

"నిన్న రెండుసార్లు తీసి పెట్టిన."

"ఇంకొక్కసారి."

తీసి పెట్టింది. ఈ సర్వర్ లేవడానికి అయిదు నిమిషాలు పడుతుందని ఇద్దరికీ తెలుసు. ఆ అయిదు నిమిషాలూ ఇద్దరూ ఫోను చెవిన పెట్టుకుని ఊరుకున్నారు. అతని వైపు ఒక మోటార్ సైకిల్ పోయింది. ఎక్కడో కుక్కర్ కూసింది. "కిషనూ, నీళ్లు" అని ఒక ముసలి గొంతు మాట ముద్దముద్దగా పిలిచింది. "ఒక్క నిమిషం" అని వెళ్లి, నీళ్లు తాగించి వచ్చాడు. గ్లాసు కడిగి బోర్లించిన చప్పుడు కూడా వినబడింది. ఆ ఇంట్లో గ్లాసు ఎక్కడ బోర్లిస్తారో, మంచం ఏ వైపు ఉందో, అతను అన్నం ఎక్కడ కూర్చుని తింటాడో ఒక్కసారి చూస్తే చాలుననిపించింది అహల్యకు. ఎంతలా అనిపించిందంటే, తెర మీద అక్షరాలు వచ్చాయని చూసి కూడా చెప్పలేదు.

"లేచిందా?"

"లేచింది. కార్డు లేవలే."

"అట్లనా. వేరే స్లాట్‌ల పెట్టి చూడుండ్రి."

పెట్టింది. మరో అయిదు నిమిషాలు. వైర్లు మార్చమన్నాడు. మరో అయిదు. సర్వర్ లేచేటప్పుడు వచ్చే నీలం తెరలోకి పోయి ఒక్కొక్క సెట్టింగూ చదవమన్నాడు. చదివింది. పిల్లలు టీలు తాగేసి, సెల్‌ఫోన్లు చూసుకుంటూ కూర్చున్నారు. మూర్తి గారు రెండుసార్లు తొంగిచూసి వెళ్లారు. అన్నీ చూపించాడు కానీ ఆ ఒక్క ఫైలు జోలికి మాత్రం రావడం లేదు కిషన్. అది రాసినవాడు అతనే. తన పెళ్లికి వచ్చినవాళ్ల పేర్లయినా మర్చిపోతాడేమో గానీ సర్వర్లో తను రాసిన లైను మర్చిపోయే మనిషి కాదు. ఏమో, నిజంగా మర్చిపోయాడేమో. మర్చిపోతే పోనీ, ఇంకో గంట మర్చిపోనీ అనుకుంది.

పన్నెండున్నర దాటాక ఒక నిట్టూర్పు వినబడింది. "ఇగ ఫైళ్లు చూద్దాం. ఎల్ ఎస్, అడ్డగీత, ఎల్ కొట్టుండ్రి. వచ్చింది వచ్చినట్టు చదువుండ్రి."

పధ్నాలుగేళ్ల అలవాటు. ఆమె వరసగా చదివింది. పేరు, సైజు, ఎప్పుడు రాసింది. రెండువేల పదిహేడు, రెండువేల పదిహేడు, రెండువేల పంతొమ్మిది. ఆఖరి లైనుకొచ్చి అదీ అలాగే చదివేసింది. ఇవాళ్టి తేదీ, పది గంటల పన్నెండు నిమిషాలు.

చదివాక గానీ ఏం చదివిందో ఆమెకు తెలియలేదు.

"ఇయ్యాల్నా?" అన్నాడు కిషన్.

"ఔ."

"అంటే పొద్దుగాల్నే ఈ ఫైలు తెరిచిన్రు."

"ఔ."

"లైను చూసిన్రు?"

"చూసి తీసేసిన. కార్డు లేచింది. నాలుగు లైట్లు వచ్చినయ్."

"మళ్ల?"

"మళ్ల రాసిపెట్టిన."

"ఎందుకు?"

ఏదో ఒకటి చెప్పొచ్చు. ఇంకొకరైతే పది చెబుదురు. అహల్యకు ఒక్కటే వచ్చింది.

"మీకు ఫోన్ చేయాలె గద, కిషన్ గారూ."

లైను కట్ అయిందేమోనని ఫోను చెవి నుంచి తీసి చూసుకుంది. లేదు, నడుస్తూనే ఉంది.

"అహల్య గారూ," అన్నాడు చివరికి. "ఆ పాత కార్డు తీసేసిన్నాడే ఆ లైను గూడ తీసెయ్యాలె. పనిలేని లైను అది. నేను జగిత్యాలకొచ్చే దినం చూసిన, తీద్దామనుకున్న. తీయలే."

"ఎందుకు?"

"ఎన్నడో ఒకనాడు కొత్త కార్డు పెడ్తరు. అది లేవది. అప్పుడన్న ఫోన్ చేస్తరని."

చూశారా ఈ ఇద్దరి తెలివి! ఒకాయన ఆరేళ్ల ముందే చెడగొట్టి పెట్టాడు, ఇంకొకావిడ ఆ పొద్దున చెడగొట్టింది. ఈ తెలివిలో పదో వంతు ఒక్క మాట చెప్పడానికి పెట్టి ఉంటే ఎంత బాగుండేది! ఎన్నేళ్లు పోయాయి ఊరికే!

"ఏవమ్మా, తేలేట్టుందా?" మూర్తి గారు మళ్లీ వచ్చారు.

"అయిదు నిమిషాలు సార్, అయితది" అంది చీర చెంగుతో మొహం తుడుచుకుంటూ. ఆయన ఏమనుకున్నారో ఏమో, ఏసీ పెంచమని భవ్యశ్రీకి చెప్పి వెళ్లిపోయారు.

"తీసెయ్యుండ్రి ఇగ ఆ లైను" అన్నాడు కిషన్.

"తీస్తే మళ్ల ఎన్నడు ఖరాబైతదో."

"ఖరాబ్ గాకున్నా చెయ్యుండ్రి."

"ఏమని చేయాలె?"

"ఊరికెనే."

లైను తీసేసింది. ఫైలు దాచింది. నాలుగు లైట్లూ వచ్చాయి. పిల్లలు కేకలు పెట్టారు, నాలుగు తెరల మీద నాలుగు పెళ్లిళ్లు ఒకేసారి కదిలాయి. సాయంత్రం మూర్తి గారు అందరికీ మొజంజాహీ మార్కెట్ నుంచి ఐస్‌క్రీమ్ తెప్పించారు. అహల్య తన కప్పు సగం తిని పక్కన పెట్టేసింది. ఊరికెనే చేయమన్నాడు. ఎలా చేస్తారు, ఊరికెనే? శనివారమంతా అదే ఆలోచన. రెండుసార్లు ఫోను తీసి పేరు దాకా వెళ్లి పెట్టేసింది.

ఆదివారం పొద్దున తమ్ముడి పిల్లలను పబ్లిక్ గార్డెన్‌కు తీసుకెళ్లింది. పిల్లలు ఆడుకుంటుంటే ఒక సిమెంటు బల్ల మీద కూర్చుని, కళ్లు మూసుకుని నొక్కేసింది.

"అహల్య గారూ?"

"ఊరికెనే చేసిన."

"మంచిగ చేసిన్రు."

సర్వర్లో ఏ స్క్రూ ఎన్ని చుట్లు తిప్పాలో చెప్పుకున్న మనుషులు, సర్వర్ లేకుండా ఒక్క మాట కలపలేకపోయారు.

"తిన్నరా?" అన్నాడు కొంతసేపటికి.

"తిన్న. ఉప్మా. మీరు?"

"ఇంక లే. అమ్మకు తినబెడ్తున్న."

పిల్లలు ఒకళ్లనొకళ్లు తరుముకుంటూ ఆమె బల్ల చుట్టూ రెండుసార్లు తిరిగి పోయారు. పాపం కిషన్ వెతికి వెతికి, ఏమీ దొరక్క, చివరికి ఎప్పుడూ అడిగేదే అడిగాడు.

"సర్వర్ ఎట్లున్నది?"

"సర్వర్ మంచిగనే ఉన్నది కిషన్ గారూ," అంది అహల్య. "నేనే మంచిగ లేను. మీరు పోయినప్పటి సంది నేను మంచిగ లేను."